నవల రాసేవారి కష్టసుఖాలు

విద్యార్థులారా! ఒక నవల చదవడానికి మనకు నాలుగు రోజులు చాలు. రాసేవారికో? ఒక్కొక్కప్పుడు ఏళ్లు పడుతుంది. అంతకాలమూ వారు లేని మనుషులతో కాపురం చేయాలి. ఎవరి వయసెంత, ఎవరికెవరు ఏమవుతారు, అన్నీ గుర్తుంచుకోవాలి. మొదటి ప్రకరణంలో ఎడమకాలు కుంటివాడు పదో ప్రకరణంలో కుడికాలు కుంటితే పాఠకుడు ఊరుకోడు.

ఇవి చిన్న కష్టాలు. పెద్ద కష్టమేమిటో ఉన్నవ లక్ష్మీనారాయణగారి సంగతి వింటే తెలుస్తుంది.

ఆయన 1877లో గుంటూరు జిల్లాలో పుట్టారు. ఐర్లండు వెళ్లి బారిస్టరు చదివి వచ్చారు. పలనాటి అటవీ సత్యాగ్రహంలో పాల్గొన్నందుకు ప్రభుత్వం ఆయనను జైలులో పెట్టింది. ‘మాలపల్లి’ నవల ఆ జైలులోనే రాశారు. అంటరానివారని ఊరికి దూరంగా ఉంచిన రామదాసు కుటుంబం కథ అది. అతని కొడుకు సంగదాసు కూలీల పక్షాన నిలిచి, ఆసామి చేతిలో ప్రాణాలు పోగొట్టుకుంటాడు. ఇంచుమించు ఆ కాలంలోనే మన పెద్దలు ఎందరో కూలికోసం ఓడలెక్కి మలయా తోటలకు వచ్చారు. కనుక ఆ నవలలోని ఆకలి మన ఇళ్లకు కొత్తది కాదు.

ఆ రోజుల్లో గ్రాంథిక భాషలో రాయడమే గౌరవం. ఉన్నవవారు బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, పెద్ద చదువులు చదివినవారు. అయినా గుంటూరు సీమ పల్లెవారి మాటనే కథలోకి తెచ్చారు. జైలులో ఆయన ముందు పల్లె లేదు. అంతా జ్ఞాపకంలోనే వినాలి.

ఇదెంత కష్టమో నాకు కొంచెం తెలుసు. నేనూ ఒకసారి నవల మొదలుపెట్టాను. రబ్బరు తోటలో పనిచేసే ఒక ముసలమ్మ కథ. నలభై పుటలు రాసి మా ఆవిడకు చదివి వినిపించాను. “ఈ ముసలమ్మ మీలాగే పాఠం చెబుతోందేమండీ?” అంది. నిజమే! ఆ పుస్తకం ఇప్పటికీ పెట్టె అడుగున ఉంది.

‘మాలపల్లి’ 1922లో అచ్చయింది. కొద్దికాలానికే మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. కొన్ని భాగాలు తీసివేసిన మీదట 1928లో మళ్లీ వెలువడింది. 1936లో మరోసారి నిషేధం! 1937లో రాజాజీ మంత్రివర్గం దానిని ఎత్తివేసింది. లెక్క వేయండి, ఎన్నేళ్లయిందో. రాసిన చేతికి ఇంతకంటె శిక్ష ఏముంటుంది?

మరి సుఖమెక్కడ అంటారా? జైలు గదిలో ఉన్నవవారికి ఏమనిపించిందో నేను చెప్పలేను. నా సంగతి చెబుతాను. ఆ నలభై పుటల్లో ఒక్కచోట, ముసలమ్మ నేననుకోని మాట ఒకటి అన్నది. అది నా మాట కాదు, అచ్చంగా ఆమెదే. ఆ పూట అన్నం సంగతే మరచిపోయాను.

అభ్యాసం: మీ ఇంట్లోని అవ్వనో, తాతనో చిన్ననాటి సంగతి ఒకటి చెప్పమని అడగండి. విన్నది విన్నట్లుగా ఒక పుట రాసి తరగతికి తీసుకురండి. వారి యాసను మాత్రం దిద్దకండి.