సంకల్పము - శరణాగతి

యాదగిరిగుట్ట మెట్లెక్కు భక్తుడు ముందుగా మనస్సులో ఒక నిశ్చయము చేసికొనును. “స్వామీ! నలుబది దినములు నీ సన్నిధిలో ప్రదక్షిణములు చేసెదను” అని. ఇదియే సంకల్పము. సకలమును నడుపువాడు శ్రీమన్నారాయణుడే అయినపుడు ఈ సంకల్పము ఎవరిది? భక్తునిదే యనినచో స్వామి సర్వనియామకత్వమునకు లోటు వచ్చును. స్వామిదే యనినచో జీవుడు పుణ్యపాపములకు బాధ్యుడెట్లగును?

భగవద్రామానుజులు శ్రీభాష్యము రెండవ అధ్యాయము మూడవ పాదమున ఈ సందేహమును తీర్చిరి. జీవుడు కర్తయే. కానిచో విధినిషేధములు చెప్పు శాస్త్రము వ్యర్థమగును. రాతికి ఎవరును ధర్మము బోధింపరు గదా! అయితే ఆ కర్తృత్వము పరమాత్మకు అధీనమైనది. మొదటి ప్రయత్నము జీవునిది. దానిని చూచి అనుమతినిచ్చి, కార్యమును సాగించువాడు పరమాత్మ. ఇద్దరికి ఉమ్మడిగానున్న ధనమును ఒకడు పరునికి ఈయదలచినచో రెండవవాని అనుమతి కావలెను. అనుమతి లభించినను, ఇచ్చినవాడు మొదటివాడే, ఫలమును వానిదే. రామానుజులు చూపిన దృష్టాంతమిది.

గుట్ట స్థలపురాణము ఈ తత్త్వమునే కథగా చెప్పుచున్నది. ఋష్యశృంగుని కుమారుడైన యాదమహర్షి ఆంజనేయుని అనుగ్రహముతో ఇచట తపమొనర్చెను. స్వామి జ్వాలా, గండభేరుండ, యోగానంద, ఉగ్ర, లక్ష్మీనరసింహ రూపములతో దర్శనమిచ్చెను. తపము మహర్షి ప్రయత్నము. దర్శనము స్వామి ప్రసాదము.

సంకల్పము వేరు, కోరిక వేరు. హిరణ్యకశిపుడు ఘోరతపమొనర్చి వరములు పొందెను. ప్రయత్నమున అతనికి కొరతలేదు. కాని అది యంతయు “నేను” అను దానిని పెంచుటకే వినియోగపడెను. ఆ యింటనే పుట్టిన ప్రహ్లాదుడు తండ్రి భయపెట్టినను హరిస్మరణము మానలేదు. తుదకు నృసింహస్వామి వరమడుగుమనగా, తన హృదయమున కోరికలు మొలకెత్తకుండునట్లు అనుగ్రహింపుమని వేడుకొనెను. తండ్రి పవిత్రుడు కావలెనని ప్రార్థించెను. కోరిక లేనివాని సంకల్పమే మిక్కిలి దృఢమైనదని ఆ బాలుడు నిరూపించెను.

గుట్ట దిగిన పిదపను ఈ వివేకము అవసరము. నల్గొండ జిల్లా మర్రిగూడ ప్రాంతమున భూగర్భజలములందలి ఫ్లోరైడు వలన ఎందరికో ఎముకలు వంగిపోయినవి. దానిని ప్రారబ్ధమని తలచి చేతులు ముడుచుకొని కూర్చుండుట భక్తి కాదు. పటికతోను సున్నముతోను ఆ నీటిని శుద్ధిచేయు విధానమును 1970వ దశకమున శాస్త్రజ్ఞులు రూపొందించిరి. దానికి ‘నల్గొండ పద్ధతి’ యని పేరు. ప్రయత్నము చేయక “అంతయు దైవేచ్ఛ” యనువాడు తన సోమరితనమును దైవముపై మోపుచున్నాడు. తప్పుచేసి “ఆయనయే చేయించెను” అనువాని మాటయు అట్టిదే.

మరి నలుబది దినములు నిష్ఠతో ప్రదక్షిణము చేసినను రోగము తగ్గనివాని మాటయేమి? వాని సంకల్పము వ్యర్థమైనదా? కాదు. సంకల్పము మనది, ఫలము మనది కాదు. అందుకే శ్రీవైష్ణవులు కర్మారంభమునను, అంతమునను సాత్త్విక త్యాగము చేయుదురు. కర్తృత్వమును, కర్మను, ఫలమును భగవంతునికే సమర్పింతురు. తాను చేయని దానిని సమర్పించుట ఎవనికిని సాధ్యము కాదు గనుక, త్యాగమునకు ముందు ప్రయత్నము ఉండితీరవలెను.

శరణాగతికి గల అంగములలో మొదటిది ఆనుకూల్య సంకల్పము. అనగా స్వామికి అనుకూలముగా నడచుకొందునను నిశ్చయము. తనను తాను అర్పించుకొనుటకు కూడ జీవుని సంకల్పమే తొలిమెట్టు. అడుగువేయుట మనవంతు. ఆ అడుగునకు బలమిచ్చి, తొట్రుపడినపుడు చేయిపట్టి నడిపించుట లక్ష్మీనృసింహుని వంతు.