పాండవుల గుళ్ళలో ఏముంది?

మన పలమనేరు వైపు గుట్టల మీద, బీడు భూముల్లో నాలుగు బండలు నిలబెట్టి పైన పెద్ద కప్పుబండ వేసిన కట్టడాలు కనిపిస్తే పెద్దవాళ్ళు "పాండవుల గుళ్ళు" అంటారు. అరణ్యవాసంలో పాండవులు వాటిలో తలదాచుకున్నారట! పూర్వపు పలమనేరు తాలూకా బాపనత్తంలోని గుళ్ళ గురించి 19వ శతాబ్దంలోనే తెల్లదొరలు రాసిపెట్టారు. అప్పటికి మనది ఉత్తర ఆర్కాటు జిల్లా. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో.

మిత్రులారా, ఇవి గుళ్ళు కావు, సమాధులు. ఇనుము వాడకం నేర్చిన తొలి తరాలవి. సుమారు 2,000 నుంచి 3,000 ఏళ్ళ నాటివి. సున్నం లేదు, మట్టి లేదు, అయినా ఎలా నిలిచాయి? దగ్గరికి వెళ్ళి మూలలు చూడండి. చాలావాటిలో ఒక్కో బండ అంచు పక్క బండను దాటి ముందుకు ఉంటుంది. పైనుంచి చూస్తే స్వస్తిక్ గుర్తులా కనిపిస్తుంది. లోపలికి పడిపోకుండా నాలుగూ ఒకదాన్నొకటి ఆపుకుంటాయి. ఒక బండకు గుండ్రని కంత ఉంటుంది, ఎక్కువగా తూర్పు వైపు. ఇలాంటి సమాధుల్లో ఎముకలు, ఇనుప పనిముట్లు, పై అంచు నల్లగా, కింద ఎర్రగా ఉండే కుండలు దొరుకుతాయి. కుండను బోర్లించి కాల్చడం వల్ల ఆ రెండు రంగులు వస్తాయి.

మెక్సికో దేశంలో పాలెంకే అనే మాయా నగరం ఉంది. అక్కడి గుడి నేలబండ కింద మెట్లదారి ఉందని 1949లో ఆల్బెర్టో రూస్ కనిపెట్టాడు. దాన్ని పూడ్చిన రాళ్ళూ మట్టీ తీసి సమాధి గది చేరేసరికి 1952 అయింది. ఎవరూ ముట్టని గది కాబట్టి పకాల్ రాజు పచ్చరాళ్ళ ముసుగుతో సహా దొరికాడు. పైగా మాయా వాళ్ళకు లిపి ఉంది. ఆయన 683లో మరణించాడని రాతలే చెప్పాయి.

మన సమాధుల మీద అక్షరం ముక్క లేదు. ఏ కుండ ఏ ఎముక పక్కన, ఎంత లోతులో ఉందన్నదే వాటి రాత. గుప్తనిధుల పిచ్చితో ఒక్క రాత్రి గడ్డపార వేస్తే ఆ రాత చెరిగిపోతుంది. బంగారం ఆశతో తవ్వినవాళ్ళకు మిగిలేది పెంకులే. ఆ పెంకులు కూడా చోటు మారాక ఏమీ చెప్పలేవు.

సెలవుల్లో వెళ్ళేవాళ్ళు ఎండ ఏటవాలుగా పడే ఉదయం పూట వెళ్ళండి. కంత ఏ దిక్కున ఉందో, బండ ఎన్ని అడుగులో నోటుబుక్కులో రాసుకోండి. కప్పుబండ ఎక్కవద్దు, పేర్లు చెక్కవద్దు. దున్నేటప్పుడు కుండ బయటపడితే తీయకుండా తహశీల్దారుకు గానీ పురావస్తు శాఖకు గానీ చెప్పండి.