బానిస నావికుడు, ప్రజాప్రతినిధి: రాబర్ట్ స్మాల్స్

అమెరికా చరిత్ర అనగానే మన విద్యార్థులకు లింకన్ పేరు స్ఫురిస్తుంది. ఆ కాలంలోనే బానిసగా పుట్టి, ఆ దేశపు ప్రతినిధుల సభలో సభ్యుడైన రాబర్ట్ స్మాల్స్‌ను ఎరిగినవారు అరుదు.

స్మాల్స్ 1839 ఏప్రిల్ 5న దక్షిణ కరోలినాలోని బ్యూఫర్ట్ పట్టణంలో జన్మించాడు. తల్లి లిడియా యజమాని ఇంటి దాసి. బానిసలకు చదువు నేర్పడాన్ని ఆ రాష్ట్రం 1834లో శాసనం చేసి నిషేధించింది. కనుక బాలునికి అక్షరాభ్యాసమే లేదు. పన్నెండవ యేట అతనిని చార్లెస్టన్‌కు కూలికి పంపారు. కూలిలో వారానికి ఒక్క డాలరు అతనిది, తక్కినదంతా యజమానిది. భార్యాబిడ్డలను కొని విడిపించుకోవాలంటే 800 డాలర్లు కావలసి వచ్చింది. కూడబెట్టినది నూరు మాత్రమే.

అంతర్యుద్ధ కాలంలో అతడు దక్షిణాది సైన్యపు 'ప్లాంటర్' అనే ఓడకు చుక్కాని పట్టేవాడు. 1862 మే 13 తెల్లవారుజామున, తెల్ల అధికారులు ముగ్గురూ ఒడ్డున ఉన్న అదను చూసి, తోటి బానిసలతో కలిసి ఓడను కదిలించాడు. మరో రేవులో దాగిన ఆడవారినీ పిల్లలనూ ఎక్కించుకొన్నాడు. కెప్టెను గడ్డిటోపీ ధరించి, కోటలు దాటేటప్పుడు ఈలతో సరైన సంకేతాలిచ్చాడు. సమ్టర్ కోట ఫిరంగులు మౌనం వహించాయి. ఉత్తరాది నౌకలను సమీపించగానే తెల్ల దుప్పటి ఎగురవేశాడు. అప్పటికి అతని వయస్సు ఇరవైమూడు. మన బి.ఏ. విద్యార్థులకన్న రెండు మూడేళ్ళే పెద్ద!

ఈ సాహసాన్ని అందరూ పొగడుతారు. నాకు మాత్రం తరువాతి ఘట్టమే గొప్పదిగా తోస్తుంది. 1864లో ఓడ మరమ్మతుకై ఫిలడెల్ఫియాలో ఉన్న కాలంలో, అతడు ఉపాధ్యాయులను పెట్టుకొని చదవడం, వ్రాయడం నేర్చుకొన్నాడు. నాలుగేళ్ళకు, 1868 నాటి రాష్ట్ర రాజ్యాంగ సభలో, సకల వర్గాల పిల్లలకూ ప్రజాపాఠశాలలు ఉండాలనీ, హాజరు నిర్బంధం కావాలనీ ప్రతిపాదించినవాడు ఇతడే.

1875 నుండి 1887 వరకు, మధ్యమధ్య విరామాలతో, ప్రతినిధుల సభలో పనిచేశాడు. 1877లో లంచం నేరంపై శిక్ష పడింది. 1879లో గవర్నరు క్షమాభిక్ష ప్రసాదించాడు. అప్పటికే రాష్ట్రాధికారం ప్రత్యర్థుల చేతికి పోయిందన్నది మరువరాదు.

1895లో మరొక రాజ్యాంగ సభ జరిగింది. ఓటు కావాలంటే రాజ్యాంగంలోని ఒక భాగాన్ని చదివి వినిపించాలి, లేదా 300 డాలర్ల ఆస్తికి పన్ను కట్టి ఉండాలి అనే నియమం నల్లవారిని దృష్టిలో పెట్టుకొనే చేశారు. ఒకప్పుడు చదువును నిషేధించిన రాష్ట్రమే చదువు రాలేదని ఓటు తీసివేసింది. ఆ సభలోని ఆరుగురు నల్లవారిలో ఒకడైన స్మాల్స్ దీనిని ప్రతిఘటించి ఓడిపోయాడు. ఆ పత్రంపై సంతకం మాత్రం చేయలేదు.