న్యాయ సలహా: మానిటర్‌లో బొమ్మ రాకపోతే ఎవరిని అడగాలి?

ప్రశ్న: మాది ఖమ్మం. పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేసుకుంటూ బతుకుతున్నాను. ఫోర్‌కే ఫైళ్లకు ల్యాప్‌టాప్ మొరాయిస్తోందని సికింద్రాబాద్‌లో ఒక షాపులో గ్రాఫిక్స్ కార్డు కొన్నాను. దాన్ని ల్యాప్‌టాప్‌కి బయటి నుంచి తగిలించే బాక్సు, కొత్త మానిటరు ఆన్‌లైన్‌లో తెప్పించాను. కార్డు ఫ్యాన్లు తిరుగుతున్నాయి, మానిటర్‌లో మాత్రం ‘నో సిగ్నల్’ అని వస్తోంది. షాపాయన బాక్సు తేడా అంటాడు. బాక్సు అమ్మినవాళ్లు ల్యాప్‌టాప్ తేడా అంటారు. ల్యాప్‌టాప్ సర్వీస్ సెంటర్‌లో ‘బయటి కార్డు పెట్టారు, వారంటీ పోయింది’ అన్నారు. ఎవరి మీద కేసు వేయాలి?

జవాబు: ఇప్పుడే ఎవరి మీదా వేయకండి. వినియోగదారుల రక్షణ చట్టం 2019 మీకు గట్టి హక్కులే ఇచ్చింది. కానీ వినియోగదారుల కమిషన్ మొదట అడిగేది ఒక్కటే: లోపం ఏ వస్తువులో ఉంది? నాలుగు వస్తువులు నాలుగు బిల్లుల మీద కొన్నప్పుడు ఈ ప్రశ్నకు జవాబు లేకుండా వెళితే, ఇప్పుడు మీ ముందు చెబుతున్న మాటలనే అందరూ కమిషన్ ముందు చెబుతారు. లోపాన్ని వెతికి పట్టుకునే పనే మీ కేసుకు సగం సాక్ష్యం.

ముందు ల్యాప్‌టాప్ చూడండి. టైప్-సి పోర్టు ఉన్నంత మాత్రాన బయటి గ్రాఫిక్స్ కార్డు పనిచేయదు. ఆ బాక్సులకు సాధారణంగా థండర్‌బోల్ట్ 3 గానీ 4 గానీ, లేదా బయటి గ్రాఫిక్స్ కార్డుకు వీలున్న యూఎస్‌బీ 4 గానీ కావాలి. చాలా ల్యాప్‌టాప్‌లలో టైప్-సి మామూలు డేటాకే పనికొస్తుంది. మీ మోడల్ నంబరు పెట్టి కంపెనీ ఇచ్చిన వివరాల్లో చూసుకోండి. ఎం1, ఆ తర్వాతి చిప్‌లున్న మ్యాక్‌బుక్ అయితే యాపిల్ ఈ బాక్సులకు మద్దతు ఇవ్వదు, అప్పుడు లోపం ఏ వస్తువులోనూ లేనట్టే. ఫ్యాన్లు తిరుగుతున్నాయి కదా అనుకోకండి. బాక్సుకు సొంత కరెంటు సరఫరా ఉంటుంది కాబట్టి ల్యాప్‌టాప్‌తో మాట కలవకపోయినా అవి తిరగవచ్చు.

పోర్టు సరైనదే అయితే బాక్సుతో వచ్చిన కేబులే వాడండి. కార్డు పైనున్న ఆరు లేదా ఎనిమిది పిన్నుల కరెంటు తీగ గట్టిగా దిగిందో లేదో చూడండి. థండర్‌బోల్ట్ సాఫ్ట్‌వేర్ పరికరాన్ని అనుమతించమని అడిగితే అనుమతించండి. మానిటర్ తీగను గ్రాఫిక్స్ కార్డుకే పెట్టి, మానిటర్ మెనూలో ఆ ఇన్‌పుట్టే ఎంచుకోండి. విండోస్ డివైస్ మేనేజర్‌లో ‘కోడ్ 43’ కనిపిస్తే పరికరం ఏదో సమస్య చెప్పిందని మాత్రమే అర్థం. డ్రైవర్ వల్ల కూడా అది రావచ్చు, కాబట్టి ఆ ఒక్క స్క్రీన్‌షాట్‌తో కార్డు చెడ్డదని రుజువు కాదు.

అసలు తేల్చేది మార్చి చూడటం. మానిటర్‌ను నేరుగా ల్యాప్‌టాప్ హెచ్‌డీఎంఐకి పెట్టండి. బొమ్మ వస్తే మానిటర్‌ను పక్కన పెట్టేయవచ్చు. కార్డును తెలిసినవాళ్ల డెస్క్‌టాప్‌లో వేయించండి. బాక్సును థండర్‌బోల్ట్ ఉన్న మరో ల్యాప్‌టాప్‌కి తగిలించండి. ప్రతిసారీ సీరియల్ నంబరు కనిపించేలా, మధ్యలో ఆపకుండా వీడియో తీయండి. కమిషన్‌కు ఇచ్చేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 ప్రకారం ధ్రువపత్రం జతచేస్తే ఎదుటివారు వీడియోను కొట్టిపారేయడం కష్టం.

ఇప్పుడు హక్కుల సంగతి. కార్డు డెస్క్‌టాప్‌లోనూ పనిచేయకపోతే అమ్మిన షాపు, తయారీదారు ఇద్దరినీ అడగవచ్చు. ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని బిల్లు మీద అచ్చు వేసుకున్నా, లోపమున్న వస్తువుకు అది డాలు కాదు. బిల్లులో గడువు ఉంటే ఆ గడువులో, లేకపోతే 30 రోజుల్లో లోపమున్న వస్తువును వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వకపోవడం సెక్షన్ 2(47) కింద అనుచిత వ్యాపార పద్ధతి. బాక్సు చెడిందని తేలితే ఈ-కామర్స్ నియమాలు 2020 మీకు అండ. లోపమున్న వస్తువును, ప్రకటించిన లక్షణాలు లేని వస్తువును వెనక్కి తీసుకోనని ఆన్‌లైన్ విక్రేత అనకూడదు. ఆ సైటు ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి.

లోపం ఎక్కడా లేదు, పోర్టే సరిపోదని తేలితే? ల్యాప్‌టాప్ మోడల్ చెప్పి అడిగినప్పుడు ‘బ్రహ్మాండంగా పనిచేస్తుంది’ అని వాట్సాప్‌లో హామీ ఇచ్చినవారెవరో వారే బాధ్యులు, ఆ సందేశం చెరిపేయకండి. అలా ఎవరూ చెప్పకుండా మీ అంతట మీరే కొనుక్కుంటే కేసు నిలవదు. ఇది మీకు నచ్చకపోవచ్చు గానీ, ఓడిపోయే కేసు వేయమని చెప్పడం సలహా అనిపించుకోదు.

వారంటీ పోయిందన్న మాటకు జడవకండి. పోర్టు ఉన్నదే ఏదో ఒకటి తగిలించుకోవడానికి. ఆ షరతు వారంటీ పత్రంలో ఎక్కడ రాసి ఉందో, మీరు పెట్టిన కార్డు వల్ల ఏ భాగం ఎలా పాడైందో రాతపూర్వకంగా ఇవ్వమని ఈమెయిల్ పెట్టండి.

మీది వ్యాపారం కదా, మీరు వినియోగదారుడే కాదని ఎదుటి లాయరు తప్పకుండా అంటాడు. వ్యాపారం కోసం కొన్నవారు వినియోగదారులు కారన్నది నిజమే గానీ, స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసమే కొన్న వస్తువును చట్టం ఆ మినహాయింపులో చేర్చలేదు. ఒకరిద్దరు సహాయకులున్నంత మాత్రాన ఈ హక్కు పోదని లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. ఈ విషయం ఫిర్యాదు మొదటి పేరాలోనే రాయండి.

ఎంత అడగాలో కూడా తెలుసుకోండి. ఒక భాగమే చెడితే మొత్తం వస్తువును మార్చమనడం కుదరదని మారుతీ ఉద్యోగ్ వర్సెస్ సుశీల్ కుమార్ గబ్‌గోత్రా కేసులో 2006లో సుప్రీంకోర్టు తీర్పు. కార్డు చెడితే కార్డు ధర, దాని వల్ల పోయిన పనికి ఆధారాలతో పరిహారం, ఖర్చులు అడగండి. నాలుగు వస్తువుల ధర అడిగితే కేసు పలచబడుతుంది.

ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడవచ్చు. పని కాకపోతే నోటీసు ఇచ్చి, ఖమ్మం జిల్లా కమిషన్‌లోనే వేయండి. షాపు ఎక్కడున్నా మీరు నివసించే చోట వేసుకునే హక్కు సెక్షన్ 34 ఇస్తోంది. చెల్లించిన ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. లోపాన్ని ల్యాబ్‌లో పరీక్షించాలని కమిషన్ భావిస్తే ఆ రుసుము ముందు మీరే కట్టాల్సి ఉంటుంది. పరీక్ష అవసరమైన కేసు అయిదు నెలల్లో తేలాలని చట్టం చెబుతున్నా, వాయిదాలతో అంతకు మించి పట్టడం మామూలే. వివాదానికి కారణం పుట్టిన నాటి నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు వేయాలి. సర్వీస్ సెంటర్ చుట్టూ తిరుగుతూ ఆ గడువు దాటనివ్వకండి.