బొద్దక్షరం రాసేవాళ్ళకి

అల్లవరం చుట్టుపక్కల బోర్డులు రాస్తూ బతికినవాణ్ణి. పాత సినిమా పోస్టర్లలో ఉండే లావుపాటి గుండ్రటి అక్షరం ఇప్పుడు ఫ్లెక్సీల మీదికి మళ్ళీ వచ్చింది. నాకెంత సంతోషమో చెప్పలేను. దాన్ని పాడుచెయ్యకండి బాబూ.

1. లావు అక్షరాన్ని చదివించేది రంగు పడని చోటు. ‘ద’కి కింద గీత పెడితే ‘ధ’, లోపల చుక్క కూడా పెడితే ‘థ’. అక్షరం బొద్దయ్యేకొద్దీ లోపలి ఖాళీ మూసుకుపోతుంది. అంతర్వేది బ్యానర్ మీద చుక్క కలిసిపోయిందంటే రథోత్సవం కాస్తా ‘రధోత్సవం’ అయిపోతుంది. అందుకే ముందు చుక్కకి చోటు ఉంచుకుని, ఆ తర్వాతే చుట్టూ లావు పెంచండి. 1922లో షికాగోలో ఆస్వాల్డ్ కూపర్ గీసిన కూపర్ బ్లాక్ అనే ఇంగ్లీషు లావు అక్షరం చాలా అందమైనది, కానీ ఆయనకి వత్తుల బాధ లేదు. మన ‘లక్ష్మీ’ చూడండి: పైన గుడిదీర్ఘం, కింద ష, దాన్ని ఆనుకుని మ వత్తు. వత్తుని తల్లి అక్షరమంత లావుగా రాస్తే కింది వరస పేరుకి తగులుతుంది. కాస్త సన్నగా రాయండి, చూసేవాళ్ళకి తేడా తెలియదు.

2. రెండు మూడు మాటలకే వాడండి. మిఠాయి కొట్టు, గోళీసోడా బండి, పిల్లల బడి, సంక్రాంతి పందిరి దీని చోట్లు. శుభలేఖలో పేర్లకి బాగుంటుంది, ముహూర్తానికి బాగుండదు. సంతాపం ఫ్లెక్సీకి అసలే వద్దు. ఎవరడిగినా నేను రాయలేదు.

3. కంప్యూటర్ మీద చేసేవాళ్ళకి బలూ తమ్ముడు అనే ఫాంటు ఉంది. ముంబై ఏక్ టైప్ వాళ్ళు చేశారు, పేరు జంగిల్ బుక్‌లో ఎలుగుబంటిది. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. మొదట ఒక్క మందమే ఉండేది, బలూ తమ్ముడు 2లో 5 మందాలున్నాయి. చోటు మిగిలింది కదా అని మౌస్‌తో పక్కకి లాగకండి. నిలువు గీతలు లావెక్కుతాయి, అడ్డగీతలు అలాగే ఉంటాయి, సున్న కోడిగుడ్డయి కూర్చుంటుంది. అక్షరాల మధ్య ఎడం పెంచుకోండి.

4. ఈశ్వర్ గారి సినిమా పోస్టర్లు దగ్గర పెట్టుకోండి. గోదావరి అవతల పాలకొల్లులో పుట్టి, 1967లో బాపు ‘సాక్షి’తో మొదలుపెట్టిన మనిషి. కథని బట్టి అక్షరం ఎలా మారిందో చూసి, ఒకసారి చేత్తో గీయండి. ఫాంటు తర్వాత వెతుక్కోవచ్చు.

5. ఓడలరేవులో పడవ మీద పేరు దూరం నుంచి కనపడాలి. నీలం మీద పసుపు, నల్ల అంచు. అంచు బయటివైపే వెయ్యండి. లోపల వేస్తే ఉన్న కాస్త ఖాళీ కూడా పోతుంది. నీడ వెయ్యాలనుంటే అన్ని అక్షరాలకీ ఒకే పక్క, కుడి కింద.