పక్కవాద్యం కూడా ఒక విద్యే



1919 ఫిబ్రవరిలో విశ్వకవి రవీంద్రనాథ్ ఠాగూరు మదనపల్లె బిసెంట్ దివ్యజ్ఞాన కళాశాలలో కొన్నాళ్లు బస చేశారు. విద్యార్థుల ఎదుట ‘జనగణమన’ పాడి వినిపించారు. 28వ తేదీన దాన్ని ఆంగ్లంలోకి మార్చారు. ఇది మన ప్రాంతంలో అందరూ గొప్పగా చెప్పుకునే సంగతే. ఆ పాటకు స్వరలిపి రాసిన మార్గరెట్ కజిన్స్‌ను మాత్రం తక్కువగా తలుస్తారు. ఆమె అప్పటి ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ గారి భార్య. ఐర్లండులో సంగీతం చదివి 1902లో పట్టా పుచ్చుకున్నారు. ఆ పాట ఆమె భాషలోది కాదు, వరస ఆమె కట్టింది కాదు. ఇలాంటి పనికి మొదట కావలసింది వినే చెవి. పక్కవాద్యం వాయించేవారికి కావలసిందీ అదే.

మన కర్ణాటక కచేరీలో గాయకుడు ఆలాపన చేస్తే వయొలిన్ విద్వాంసుడు వెనకే ఆ పోకడను అందుకుంటాడు. పాశ్చాత్య సంగీతంలో పద్ధతి వేరు. అక్కడ పాటల కచేరీ అంటే వేదికపై ఒక గొంతు, ఒక పియానో, అంతే. పియానో వాయించవలసిన ప్రతి స్వరాన్నీ స్వరకర్త ముందే రాసిపెడతాడు. అన్నీ రాసి ఉన్నప్పుడు వాయించేవాడి గొప్ప ఏముంది అని మీరు అడగవచ్చు.

ఆస్ట్రియా స్వరకర్త షూబెర్ట్ 1814లో, పదిహేడేళ్ల వయసులో, రాట్నం దగ్గర కూర్చున్న ఒక అమ్మాయి పాటకు స్వరం కట్టాడు. అందులో పియానోయే రాట్నం. కుడిచేతి స్వరాలు గిర్రున తిరుగుతూనే ఉంటాయి. ప్రియుని ముద్దు గుర్తుకు రాగానే ఆమె గొంతు ఆగుతుంది, రాట్నమూ ఆగుతుంది. తరువాత ఒకసారి కదిలి ఆగి, మళ్లీ కదిలి, తడబడుతూ తిరగడం మొదలుపెడుతుంది. ఆ నిశ్శబ్దం ఎంతసేపు ఉండాలో కాగితం చెప్పదు. గాయని ఊపిరి చెబుతుంది. అందుకే పక్కవాద్యకారుడు పాట మాటలు కూడా నేర్చుకోవాలి. గాయని ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో తెలియాలి. గొంతు బాగాలేని రోజున శృతి దించి వాయించగలగాలి.

ఇంగ్లండుకు చెందిన జెరాల్డ్ మూర్ జీవితమంతా ఈ పనే చేశాడు. 1962లో వచ్చిన తన ఆత్మకథకు ‘నేను మరీ గట్టిగా వాయిస్తున్నానా?’ అని పేరు పెట్టుకున్నాడు. 1967లో లండనులో అతని వీడ్కోలు కచేరీకి ముగ్గురు మహా గాయకులు వచ్చి పాడారు. అయితే ఆయన అణగిమణగి ఉండమని చెప్పలేదు సుమా! భయపడుతూ వాయిస్తే గాయకుడికి కాళ్ల కింద నేల ఉండదు.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం విచారణల్లో కీబోర్డు వాయించే పిల్లలు ఇది చదవాలని నా కోరిక. ఒక విచారణలో జరిగింది చెబుతాను. కొడుకు భూస్థాపన పూజలో ఒక ముసలి తల్లి తనంతట తానే పాట ఎత్తుకుంది. గొంతు బాగా కింద ఉంది. అబ్బాయి తనకు అలవాటైన శృతిలో, తాళం బటన్ నొక్కి అందుకున్నాడు. రెండో చరణంలో ఆమెకు ఏడుపు వచ్చి ఆగిపోయింది. కీబోర్డు ఆగలేదు. తాళం దానంతట అది కొట్టుకుంటూనే పోయింది. పీఠం దగ్గర నిలబడిన నేనూ చెయ్యి ఎత్తి ఆపలేదు. అది ఇప్పటికీ నన్ను బాధిస్తుంది.

ఆ అబ్బాయిని నేను తిట్టలేదు. వాయించడం వాడికి బాగానే వచ్చు, వినడం ఎవరూ నేర్పలేదు. నలభయ్యో నాటి పూజకు ముందు ఇద్దరం ఆ అమ్మ ఇంటికి వెళ్లాం. ఆమె గడప మీద కూర్చుని పాడింది. వాడు కీబోర్డు తీయకుండా రెండుసార్లు విన్నాడు. మూడోసారి తాళం కట్టేసి, శృతి ఆమె గొంతుకు దించి, ఒక్కొక్క స్వరమే పట్టి ఉంచాడు. ఆమె మధ్యలో ఆగింది. వాడూ వేళ్లు ఎత్తకుండా ఆగాడు. కొంతసేపటికి ఆమె మళ్లీ ఎత్తుకుంది.