“జారి పడ్డాను” అన్న మాట వెనుక



పెద్ద కొడప్‌గల్ చుట్టుపక్కల పల్లెల నుండి దెబ్బలతో వచ్చే తల్లులు తరచుగా చెప్పే మాట “జారి పడ్డాను”.

ఒకసారి ఒక తల్లి చేయి వాచిన కొడుకును తెచ్చింది. “మంచం మీదికెళ్ళి పడ్డడు” అన్నది వెంట వచ్చిన అత్త. తల్లి ముంజేయి కూడా కమిలి ఉంది. ఆమెను పక్క గదిలోకి తీసుకువెళ్ళి మెల్లగా అడిగాను. “నన్ను కొట్టంగ పిలగానికి తాకింది సిస్టరమ్మా” అని ఏడ్చింది. ఎక్స్‌రే తీస్తే ఆమె ఎముక కూడా చిట్లి ఉంది. ఆ చేతితోనే బిడ్డను ఎత్తుకొని వచ్చింది.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, తెలంగాణలో పెళ్ళయిన స్త్రీలలో నూటికి సుమారు 37 మంది భర్త హింసకు గురైనట్లు తేలింది.

గుర్తించడం ఎలా?

తల్లి: జారి పడితే సాధారణంగా అరచేతులు, మోకాళ్ళు గీసుకుపోతాయి. కొడితే ముఖం, మెడ, వీపు కములుతాయి. దెబ్బకు చేయి అడ్డం పెడితే ముంజేతి ఎముక విరగవచ్చు. గొంతు నులిమితే పైకి మచ్చ లేకపోవచ్చు. గొంతు బొంగురుపోయినా, మింగలేకపోయినా ప్రమాదమే.

గర్భిణి: పొట్ట మీద దెబ్బ తగిలితే మాయ విడిపోయి లోపలే రక్తస్రావం కావచ్చు. నొప్పి లేకపోయినా వెంటనే ఆసుపత్రికి రావాలి. పొట్ట గట్టిపడినా, బిడ్డ కదలిక తగ్గినా, రక్తం కనిపించినా ఒక్క నిమిషం ఆగవద్దు.

పసిబిడ్డ: ఇంకా పాకని బిడ్డకు కమిలిన మచ్చ ఉంటే తప్పక పరీక్ష చేయించాలి. కోపంతో గట్టిగా కుదిపితే మెదడులో రక్తస్రావం కావచ్చు. పైన గాయం ఉండకపోవచ్చు. వాంతులు, మగత, ఫిట్స్, పాలు తాగకపోవడం దీని లక్షణాలు.

మనం ఏం చేయాలి?

1. భర్త, అత్తమామల ఎదుట కాక, ఒంటరిగా అడగండి.
2. “సర్దుకుపో” అని పంపవద్దు. ఇంటికి వెళ్ళడం క్షేమమేనా అని అడగండి.
3. ప్రతి గాయాన్నీ కేసు షీటులో రాయించండి.
4. 2005 గృహహింస చట్టం ప్రకారం బాధితురాలు కోరితే ఆసుపత్రి వైద్యం చేయాలి. ముందుగా గృహహింస నివేదిక ఇవ్వలేదని నిరాకరించరాదు.
5. అంబులెన్సుకు 108, మహిళల సహాయానికి 181, పిల్లల కొరకు 1098కు ఫోన్ చేయండి. సఖి కేంద్రంలో వైద్య, న్యాయ సహాయం, తాత్కాలిక వసతి లభిస్తాయి.

ఆ రోజు బిడ్డ చేతికి మాత్రమే కట్టు కట్టి పంపి ఉంటే, మేము సగం వైద్యమే చేసినవారమయ్యేవాళ్ళం. దెబ్బ తిన్న బిడ్డ వచ్చినప్పుడు తల్లిని కూడా చూడండి. తల్లి వచ్చినప్పుడు బిడ్డను కూడా చూడండి.